ఏ కోడెక్, ఏ సాఫ్ట్‌వేర్, ఏ డ్రైవ్: సొంతంగా సినిమా తీసేవాళ్లకు, ఫ్రీలాన్స్ ఎడిటర్లకు

ప్రీమియర్ మంచిదా, డావిన్చీ రిజాల్వ్ మంచిదా అని అడిగితే ఎడిటర్లు ఎవరి పక్షం వాళ్లు మాట్లాడతారు. ఆ ప్రశ్నకు జవాబు ఉంది గానీ, అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదు. సినిమా ఏ తెర మీద పడుతుంది, కెమెరా నుంచి రషెస్ (షూట్ చేసిన ముడి ఫుటేజ్) ఏ ఫార్మాట్‌లో, ఏ కోడెక్‌లో (వీడియోను కుదించి దాచే పద్ధతి) వస్తున్నాయి, మీ సిస్టమ్ వాటిని లాగగలదా, పిక్చర్ లాక్ (కట్ ఇక మారదని తేల్చడం) అయ్యాక ప్రాజెక్ట్ ఎవరి చేతికి వెళ్తుంది. ఈ నాలుగూ తేలితే సాఫ్ట్‌వేర్ దానంతటదే తేలిపోతుంది. ముందు సాఫ్ట్‌వేర్ కొనేసి, తర్వాత మిగతావన్నీ దానికి సర్దబోతేనే ఇబ్బంది.

## ఫ్రేమ్ రేట్: షూటింగ్‌కి ముందే తేల్చాల్సింది

థియేటర్లో వేసే డీసీపీ (ప్రొజెక్టర్‌కు ఇచ్చే సినిమా ఫైళ్ల కట్ట) మామూలుగా సెకనుకు 24 ఫ్రేములు. అంటే కచ్చితంగా 24. డీసీపీలో 23.976 అనే లెక్కే లేదు. చిక్కేమిటంటే, కొన్ని కెమెరాల మెనూలో 24పీ అని కనిపించేది నిజానికి 23.976. ఒక చిన్న క్లిప్ తీసి, దాని ప్రాపర్టీస్ చూస్తే ఏదో తెలిసిపోతుంది.

23.976లో తీసిన సినిమాను 24కి మార్చడం కష్టం కాదు. వేగం 0.1 శాతం పెరుగుతుంది, అది ఎవరి కంటికీ ఆనదు. కానీ బొమ్మను మార్చి సౌండ్‌ను అలాగే వదిలేస్తే 90 నిమిషాల సినిమా చివరికొచ్చేసరికి పెదాలకూ మాటకూ 5.4 సెకన్ల తేడా వస్తుంది. మొదటి పది నిమిషాలు చూసి బాగానే ఉందనుకునేవాళ్లకు ఇది దొరకదు. అందుకే సింక్ ఎప్పుడూ చివరి రీల్లో చూడాలి.

25కి ఒక సౌకర్యం ఉంది. 50 హెర్ట్జ్ కరెంటున్న చోట షట్టర్ 1/50 పెడితే లైట్లు ఫ్లికర్ కావు. అయితే 24లో తీస్తూ కూడా షట్టర్ 1/50 పెట్టుకోవచ్చు, కోణంలో చెప్పాలంటే 172.8 డిగ్రీలు. కాబట్టి ఫ్లికర్ భయంతో 24ను వదులుకోనక్కర్లేదు. 25లో తీసి తర్వాత 24కి దించితే సినిమా 4 శాతం నెమ్మదిస్తుంది. 90 నిమిషాలది 93 నిమిషాల 45 సెకన్లవుతుంది, పిచ్ సరిచేయకపోతే గొంతులు కాస్త బరువెక్కుతాయి. ఎస్‌ఎంపీటీఈ పద్ధతి డీసీపీ 25ను ఒప్పుకుంటుంది గానీ పాత ఇంటరాప్ పద్ధతి ఒప్పుకోదు. ఏది నడుస్తుందో సినిమా వేసేవాళ్లను అడిగి తెలుసుకోవడం మేలు.

మా ఓటు ఇలా ఉంటుంది. థియేటర్, ఫెస్టివల్ దృష్టిలో ఉంటే, కెమెరా ఇస్తే నిజమైన 24, లేకపోతే 23.976. 25 ఫ్రేముల టీవీ ప్రసారమే గమ్యమైతే 25. ఆన్‌లైన్‌కు మాత్రమే అయితే ఏదైనా పర్వాలేదు. అన్ని సందర్భాల్లోనూ తప్పనిది ఒకటే: కెమెరాలన్నీ ఒకే రేటులో ఉండాలి. 24 టైమ్‌లైన్‌లో 25 క్లిప్ పడితే సెకనుకో ఫ్రేమ్ ఎగిరిపోతుంది. మనిషి కూర్చుని మాట్లాడే షాట్‌లో తెలియదు, కెమెరా పక్కకు తిరిగితే కుదుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

## నేరుగా కట్ చేయడమా, ప్రాక్సీయా, మొత్తం ట్రాన్స్‌కోడా

ఎక్కువ సమయం తినేదీ ఇదే, ఎక్కువ మంది సరిగా పట్టించుకోనిదీ ఇదే. ప్రాక్సీ అంటే ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకలు, ట్రాన్స్‌కోడ్ అంటే ఫైలును వేరే ఫార్మాట్‌లోకి మార్చడం.

హెచ్.264, హెచ్.265 ఫైళ్లు చాలావరకు లాంగ్ గాప్ పద్ధతిలో ఉంటాయి. అంటే ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. అక్కడక్కడా ఒక పూర్తి ఫ్రేమ్, మధ్యలో ఉన్నవన్నీ ముందు వెనకల నుంచి ఏం మారిందన్న లెక్క మాత్రమే. ప్లే కొడితే ఇబ్బంది ఉండదు. ప్లేహెడ్‌ను పట్టుకుని వెనక్కి లాగితే మాత్రం ఒక్క ఫ్రేమ్ చూపించడానికి సిస్టమ్ పక్క ఫ్రేములన్నిటినీ విప్పాలి. ఎడిటింగ్ అంటే రోజంతా చేసేది ఆ లాగుడే. ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్ లాంటి వాటిలో ప్రతి ఫ్రేమూ విడిగా పూర్తిగా ఉంటుంది. ఫైలు పెద్దది, పని తేలిక.

ఇక 10-బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా దాచే పద్ధతి) అనే మాట కెమెరా పెట్టె మీద గొప్పగా ఉంటుంది గానీ దాన్ని డీకోడ్ చేసే హార్డ్‌వేర్ అన్ని కంప్యూటర్లలో ఉండదు. ఆపిల్ ఎం1 నుంచి వచ్చిన మ్యాక్‌లు హెచ్.265 10-బిట్ 4:2:2ను హార్డ్‌వేర్‌లోనే విప్పుతాయి. ఇంటెల్ వైపు 11వ తరం నుంచి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో క్విక్ సింక్ అనే వీడియో విభాగం ఆ పని చేస్తుంది. అయితే మోడల్ నంబరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, క్విక్ సింక్ కూడా ఉండదు. అలాంటి ప్రాసెసర్ చవకగా వచ్చిందని కొని, తర్వాత 4కే ఎందుకు నత్తనడక నడుస్తోందని తల పట్టుకునేవాళ్లు ఎక్కువే. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30, 40 శ్రేణి కార్డులు 4:2:2ను డీకోడ్ చేయవు, 50 శ్రేణి చేస్తుంది. అంటే పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న సిస్టమ్ కంటే మామూలు ల్యాప్‌టాప్ ఈ ఒక్క విషయంలో హాయిగా నడవచ్చు.

కెమెరా కొనేటప్పుడో అద్దెకు తెచ్చేటప్పుడో ఈ సంగతి గుర్తుంటే పనికొస్తుంది. సోనీ కెమెరాల్లో ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ అంటే హెచ్.265, కార్డులో తక్కువ చోటు, కంప్యూటర్‌కు ఎక్కువ భారం. ఎక్స్‌ఏవీసీ ఎస్-ఐ అంటే ఆల్ ఇంట్రా (ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండేది), కార్డు తొందరగా నిండుతుంది గానీ ఎడిటింగ్ సాఫీగా సాగుతుంది. పాత సిస్టమ్ ఉన్నవాళ్లు కార్డుల మీద కాస్త ఎక్కువ పెట్టి రెండోదాన్ని ఎంచుకుంటే లాభపడతారు.

సైజుల సంగతి. 24 ఫ్రేముల దగ్గర గంట రషెస్‌కు ప్రోరెస్‌లోని రకాలు సుమారుగా తీసుకునే చోటు ఇది:

- 1080లో: ప్రాక్సీ 16 జీబీ, ఎల్‌టీ 37, 422 అయితే 53, 422 హెచ్‌క్యూ 79
- అల్ట్రా హెచ్‌డీలో: ప్రాక్సీ 65 జీబీ, ఎల్‌టీ 148, 422 అయితే 212, 422 హెచ్‌క్యూ 318

100 ఎంబీపీఎస్‌లో తీసిన కెమెరా ఒరిజినల్ గంటకు 45 జీబీ. ఇప్పుడు 40 గంటల రషెస్ ఉన్న డాక్యుమెంటరీ తీసుకోండి. ఒరిజినల్ 1.8 టీబీ. దాన్నంతా అల్ట్రా హెచ్‌డీ ప్రోరెస్ 422కి మారిస్తే దాదాపు 8.5 టీబీ, బ్యాకప్‌తో కలిపితే 17. అదే 1080 ప్రోరెస్ ప్రాక్సీ చేసుకుంటే 640 జీబీ, ఒక చిన్న ఎస్‌ఎస్‌డీలో పట్టేస్తుంది. పైగా ఒరిజినల్‌ను ప్రోరెస్‌కి మార్చినంత మాత్రాన నాణ్యత పెరగదు. కెమెరా పారేసిన వివరం తిరిగి రాదు.

అందుకని: రషెస్ 3, 4 గంటల లోపు ఉన్న షార్ట్ ఫిల్మ్, సిస్టమ్ హార్డ్‌వేర్ డీకోడ్ చేసే ఫార్మాట్ అయితే నేరుగా కట్ చేయండి. అంతకు మించితే, లేదా మల్టీక్యామ్ (ఒకే సన్నివేశాన్ని పలు కెమెరాలతో తీసింది) ఉంటే ప్రాక్సీ. మొత్తం ట్రాన్స్‌కోడ్ రెండు సందర్భాల్లోనే అర్థవంతం. ఒకటి, డీఐ (చివరి కలర్, ఫినిషింగ్ పని) చేసే చోట ఆ ఒరిజినల్ ఫార్మాట్ వద్దన్నప్పుడు. రెండు, ఫోన్ వీడియో, స్క్రీన్ రికార్డింగ్.

ఈ రెండోదాని గురించి ఒక్క మాట. ఫోన్లు తరచూ వేరియబుల్ ఫ్రేమ్ రేట్‌లో తీస్తాయి. వెలుతురు తగ్గితే ఫ్రేముల సంఖ్య తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. టైమ్‌లైన్‌లో వేశాక సౌండ్ మెల్లమెల్లగా జారుతుంది, ఎంత సరిచేసినా రెండు నిమిషాలకు మళ్లీ తప్పుతుంది. ఆ క్లిప్పులను ఎడిట్ మొదలుపెట్టకముందే షట్టర్ ఎన్‌కోడర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో స్థిరమైన ఫ్రేమ్ రేట్‌కి, ప్రోరెస్ ఎల్‌టీకి మార్చి, ఇకపై వాటినే ఒరిజినల్‌గా చూడండి. సగం సినిమా కట్ అయ్యాక మారిస్తే ప్రతి కట్టూ ఒకటి రెండు ఫ్రేములు కదులుతుంది.

ప్రాక్సీలు ఎక్కడ దెబ్బతింటాయంటే:

పేరు. చాలా కెమెరాలు కార్డు మార్చినప్పుడల్లా సీ0001 నుంచి మొదలుపెడతాయి. మూడు కార్డుల్లో మూడు సీ0001లుంటే రీలింక్ (ప్రాజెక్ట్‌ను ఫైళ్లకు మళ్లీ కలపడం) చేసినప్పుడు వేరే రోజు షాట్ వచ్చి కూర్చుంటుంది. షూట్‌లోనే కెమెరాలో ఫైల్ పేరుకు ముందు అక్షరాలు పెట్టే వీలుంటే పెట్టండి. లేకపోతే ప్రాజెక్ట్‌లోకి తెచ్చే ముందే రోజు, కెమెరా, కార్డు తెలిసేలా పేర్లు మార్చి, ఆ మార్చిన కాపీనే అందరికీ ఇవ్వండి.

ఆడియో చానెళ్లు. ఒరిజినల్‌లో నాలుగు చానెళ్లుండి ప్రాక్సీని స్టీరియోగా చేస్తే ప్రీమియర్ దాన్ని అటాచ్ చేయనివ్వదు. ప్రాక్సీ ప్రీసెట్‌లో చానెళ్ల సంఖ్య అదే ఉండాలి.

నిష్పత్తి. 4096×2160లో తీసి 1920×1080 ప్రాక్సీ చేస్తే ఆ రెండింటి ఆకారమే వేరు. ప్రాక్సీలో సరిచేసిన ఫ్రేమింగ్ ఒరిజినల్‌కి మారగానే పక్కకు జరుగుతుంది. సరిగ్గా సగం, 2048×1080 చేయండి.

రిజాల్వ్‌లో ఆప్టిమైజ్డ్ మీడియా, ప్రాక్సీ మీడియా అని రెండుంటాయి. మొదటిది ఆ సిస్టమ్‌లో ఆ ప్రాజెక్ట్‌కే పనికొస్తుంది. రెండోది మామూలు ఫైళ్లు, వేరే ఎడిటర్‌కు పంపుకోవచ్చు. ఇద్దరు పని చేసే చోట మొదటిదాని జోలికి పోవద్దు. బ్లాక్‌మ్యాజిక్ ప్రాక్సీ జనరేటర్ ఒరిజినల్స్ పక్కనే ప్రాక్సీ ఫోల్డర్ పెట్టి అందులో ఫైళ్లు చేస్తుంది, రిజాల్వ్ వాటిని తనంతట తానే పట్టుకుంటుంది.

## ఇప్పుడు సాఫ్ట్‌వేర్

డావిన్చీ రిజాల్వ్. ఒక్కరే కట్ చేసి, కలర్ చేసి, అక్కడే ముగించే సినిమాకు దీన్ని మించింది లేదు. ఒకే టైమ్‌లైన్ ఎడిట్ నుంచి కలర్‌కు, సౌండ్ చేసే ఫెయిర్‌లైట్‌కు వెళ్తుంది, మధ్యలో ఎక్స్ఎంఎల్ (టైమ్‌లైన్‌ను వేరే సాఫ్ట్‌వేర్‌కు పంపే ఫైలు) గొడవ ఉండదు. ఉచిత వెర్షన్‌తో పూర్తి సినిమా చేయొచ్చు, వాటర్‌మార్క్ పడదు. హద్దులు మాత్రం తెలిసి ఉండాలి. బయటికి తీసేది 3840×2160 దాటదు, కాబట్టి 4కే ఫ్లాట్ డీసీపీకి కావలసిన 3996×2160 రాదు. 2కే డీసీపీకి కావలసిన 1998×1080, 2048×858 మాత్రం హాయిగా వస్తాయి. టెంపోరల్ నాయిస్ రిడక్షన్ లేదు. విండోస్‌లో 10-బిట్ 4:2:2 హెచ్.264, హెచ్.265 ఫైళ్లు ఉచిత వెర్షన్‌లో వేస్తే శబ్దం వచ్చి బొమ్మ రాకపోవడం కొత్తవాళ్లను బాగా కంగారు పెట్టే విషయం. ఫైలు పాడవలేదు, లైసెన్స్ హద్దు అంతే. లినక్స్‌లోనైతే ఉచిత వెర్షన్ హెచ్.264నే తీసుకోదు. స్టూడియో లైసెన్స్ ఒకసారి కొంటే చాలు, నెలనెలా కట్టేది ఉండదు.

బలహీనత ఏమిటంటే ఇది గ్రాఫిక్స్ కార్డు మెమరీని గట్టిగా వాడుకుంటుంది. 4 జీబీ ఉన్న కార్డుతో 4కే టైమ్‌లైన్‌లో నాయిస్ రిడక్షన్ పెడితే జీపీయూ మెమరీ నిండిందన్న సందేశం వస్తుంది. పని జరిగేటప్పుడు టైమ్‌లైన్‌ను 1080లో ఉంచి, రెండర్‌కు ముందు పెంచుకోవడం దీనికి పాత చిట్కా. రిజాల్వ్‌లో పరిమాణాలు రిజల్యూషన్‌తో పాటు సర్దుకుంటాయి గనుక ఇది పనిచేస్తుంది. ఫ్రేమ్ రేట్‌ను మాత్రం టైమ్‌లైన్‌లో క్లిప్పులు పడ్డాక మార్చనివ్వదు.

ప్రీమియర్ ప్రో. ఫ్రీలాన్స్ పని బయటి నుంచి వస్తుంటే, అంటే కంపెనీల వీడియోలు, యాడ్స్, యూట్యూబ్ చానెళ్లు లాంటివైతే, ప్రాజెక్ట్ ఫైలు ప్రీమియర్‌లోనే వచ్చే అవకాశం ఎక్కువ. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌తో నేరుగా కలిసిపోతుంది, మోషన్ గ్రాఫిక్స్ పని ఉన్నవాళ్లకు అదే పెద్ద కారణం. నెలనెలా చందా. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ప్రాజెక్ట్ పాతదాంట్లో తెరుచుకోదు, కాబట్టి సినిమా మధ్యలో అప్‌డేట్ కొట్టకండి. కొట్టక తప్పకపోతే ప్రాజెక్ట్ కాపీ తీసి దాన్ని తెరవండి.

ప్రీమియర్‌లో రెండు చిన్న మెనూ మాటలు చాలా సినిమాలను పాడుచేశాయి. 4కే క్లిప్‌ను 1080 టైమ్‌లైన్‌లో వేశాక స్కేల్ టు ఫ్రేమ్ సైజ్ కొడితే బొమ్మ ముందుగా 1080కి కుదించుకుపోతుంది, తర్వాత జూమ్ చేస్తే ఆ 1080నే సాగదీస్తుంది. మసకగా ఉంటుంది. సెట్ టు ఫ్రేమ్ సైజ్ కొడితే పరిమాణం 50 శాతం అని చూపిస్తుంది, వెనక 4కే పిక్సెళ్లన్నీ అలాగే ఉంటాయి. రెండోదే వాడండి, డీఐకి పంపేటప్పుడు కూడా ఆ సంఖ్య సరిగా వెళ్తుంది.

ఫైనల్ కట్ ప్రో. విండోస్‌లో నడవదు. ఒక్కరు, త్వరగా, ఇంటర్వ్యూలు ఎక్కువున్న సినిమా అయితే దీని కీవర్డ్ పద్ధతికి అలవాటుపడ్డవాళ్లు వేరేదానికి రారు. చిక్కు సౌండ్ దగ్గర. ఏఏఎఫ్ (సౌండ్ ట్రాక్‌లను మిక్సింగ్‌కు పంపే ఫైలు) నేరుగా ఇవ్వదు, ఎక్స్2ప్రో లాంటి మరో సాఫ్ట్‌వేర్ కావాలి. క్లిప్పులకు రోల్స్ (డైలాగ్, మ్యూజిక్ లాంటి గుర్తులు) మొదటి రోజు నుంచీ సరిగా వేస్తేనే అది కూడా పద్ధతిగా వస్తుంది. మిక్సింగ్ బయట చేయించే సినిమాకైతే మేం దీన్ని ఎంచుకోం.

అవిడ్ మీడియా కంపోజర్. ఇద్దరు ముగ్గురు ఎడిటర్లు, అసిస్టెంట్లు ఒకే స్టోరేజ్ మీద కూర్చుని వారాలపాటు పనిచేసే చోట దాని బిన్ (క్లిప్పుల ఫోల్డర్) లాకింగ్ విలువ తెలుస్తుంది. ఒకరు తెరిచిన బిన్‌ను ఇంకొకరు చూడగలరు గానీ మార్చలేరు. పెద్ద సెటప్పుల్లో అసిస్టెంట్‌గా చేరాలనుకునేవాళ్లు నేర్చుకోవాల్సిందే. ఒంటరిగా సొంత సినిమా కట్ చేసుకోవడానికి దాని క్రమశిక్షణ అంతా అనవసరపు బరువు.

ఏది అనుకున్నా, సినిమా మొదలుపెట్టే ముందు రెండు నిమిషాల పరీక్ష చేయండి. ప్రతి కెమెరా నుంచి ఒక క్లిప్, విడిగా రికార్డ్ చేసిన సౌండ్, ఒక మల్టీక్యామ్, ఒక స్పీడ్ మార్పు, ఒక జూమ్, ఒక టైటిల్. దాన్ని కట్ చేసి సౌండ్‌కు ఏఏఎఫ్, డీఐకి ఎక్స్ఎంఎల్ తీసి అవతలి వాళ్లకు పంపి తెరిచి చూడమనండి. ఏది రావడం లేదో ఆ పూటే తెలిసిపోతుంది. సినిమా అంతా కట్ అయ్యాక అవే లోపాలు వందల షాట్లలో వెతుక్కోవాలి.

## డ్రైవ్‌లు

7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ బాగుంటే సెకనుకు 200 ఎంబీ దాకా ఇస్తుంది, నిండేకొద్దీ తగ్గుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ 550. 10 జీబీపీఎస్ యూఎస్‌బీలో పెట్టిన ఎన్‌వీఎంఈ దాదాపు 1000. అల్ట్రా హెచ్‌డీ ప్రోరెస్ 422 ఒక్క స్ట్రీమ్ సెకనుకు 59 ఎంబీ అడుగుతుంది. మూడు కెమెరాల మల్టీక్యామ్ అంటే 177. కాగితం మీద హార్డ్ డిస్క్ చాలాలి, చాలదు. మూడు ఫైళ్లు మూడు చోట్ల ఉంటాయి, డిస్క్ హెడ్ అటూ ఇటూ పరిగెత్తాలి. కాబట్టి పని ఎస్‌ఎస్‌డీ మీద, ఒరిజినల్స్ హార్డ్ డిస్క్‌ల మీద. ప్రాక్సీతో పనిచేస్తే ఈ విభజన అనుకోకుండానే కుదురుతుంది.

డ్రైవ్ నెమ్మదిగా ఉందనిపిస్తే ముందు కేబుల్ అనుమానించండి. చూడ్డానికి ఒకేలా ఉండే యూఎస్‌బీ-సీ కేబుళ్లలో కొన్ని ఫోన్ చార్జింగ్‌కి ఇచ్చినవి, యూఎస్‌బీ 2.0 వేగమే ఇస్తాయి. దాంతో సెకనుకు 40 ఎంబీ వస్తే గొప్ప, అంటే 1 టీబీ కాపీకి ఏడు గంటలు. అదే హార్డ్ డిస్క్ సరైన కేబుల్‌తో గంటన్నర లోపు ముగిస్తుంది. మంచి కేబుల్‌కు రంగు టేపు చుట్టి పెట్టుకోండి.

హార్డ్ డిస్క్ కొనేటప్పుడు ఎస్‌ఎంఆర్ (ట్రాకులను ఒకదాని మీద ఒకటి పరిచి రాసే) రకమా కాదా చూడండి. అవి మొదట బాగానే రాసి, పెద్ద కాపీ మధ్యలో చతికిలపడతాయి. విండోస్‌కూ మ్యాక్‌కూ మధ్య తిరిగే డ్రైవ్‌కి ఎక్స్‌ఫ్యాట్ తప్పదు గానీ అందులో జర్నలింగ్ లేదు. ఎజెక్ట్ చేయకుండా పీకితే ఫోల్డర్లే మాయం కావచ్చు. తిరిగే డ్రైవ్‌కి మాత్రమే వాడి, ఇంట్లో ఉండే వాటిని మీ సిస్టమ్ సొంత ఫార్మాట్‌లో ఉంచండి.

రెయిడ్ 5 (పలు డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి) ఒక డిస్క్ పోతే కాపాడుతుంది. పొరపాటున డిలీట్ కొడితే, బాక్స్ మొత్తం కాలిపోతే కాపాడదు. బ్యాకప్ అంటే విడిగా మరో కాపీ. రషెస్‌కు మూడు కాపీలు, రెండు రకాల డ్రైవ్‌లు, ఒకటి వేరే భవనంలో. షూట్‌లో రెండు కాపీలు చెక్‌సమ్‌తో (ఫైళ్లు అచ్చంగా ఒకటేనా అని తేల్చే లెక్క) సరిచూడనిదే కార్డు ఫార్మాట్ చేయకూడదు. మామూలు కాపీ-పేస్ట్ సరిచూడదు. రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో మీడియా పేజీలో క్లోన్ టూల్ ఉంది, అది సరిచూస్తుంది. కార్డులోంచి ఎంపీ4 ఫైళ్లు మాత్రం ఏరుకుని తీయడం కూడా మానాలి. పక్కనున్న చిన్న ఎక్స్ఎంఎల్ ఫైళ్లలో కెమెరా వివరాలుంటాయి. ఫోల్డర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు ఎత్తండి.

ఎస్‌ఎస్‌డీని ఏళ్లతరబడి కరెంటు లేకుండా బీరువాలో పెట్టి దాన్నే ఆర్కైవ్ అనుకోవడం ప్రమాదం. దాచిపెట్టడానికి హార్డ్ డిస్కే నయం, రెండు పెట్టి ఏడాదికోసారి తిప్పి చూడాలి.

## లాక్ అయ్యాక: ఎవరికి ఏం ఇవ్వాలి

సౌండ్‌కు ఏఏఎఫ్. పాత ఫార్మాట్ ఓఎంఎఫ్ 2 జీబీకి మించి మోయలేదు, వేరే దారి లేకపోతే తప్ప వద్దు. 48 కిలోహెర్ట్జ్, 24-బిట్. ప్రతి క్లిప్‌కు రెండు వైపులా కనీసం 3, 4 సెకన్ల హ్యాండిల్స్ (కట్‌కు అవతలి అదనపు భాగం) ఉండాలి, లేకపోతే మిక్సింగ్‌లో ఫేడ్ చేయడానికి గది శబ్దం మిగలదు. ప్రీమియర్‌లో మెర్జ్ క్లిప్స్ వాడి సింక్ చేస్తే రికార్డిస్ట్ పెట్టిన ట్రాక్ పేర్లు, అసలు టైమ్‌కోడ్ ఏఏఎఫ్ దాకా రావు. మల్టీక్యామ్ పద్ధతిలోనో టైమ్‌లైన్ మీదనో సింక్ చేయండి.

తోడుగా టైమ్‌కోడ్ కనిపించే రెఫరెన్స్ వీడియో ఇవ్వాలి. బొమ్మ 01:00:00:00 దగ్గర మొదలైతే 00:59:58:00 దగ్గర ఒకే ఒక్క ఫ్రేమ్ నిడివిగల 1 కిలోహెర్ట్జ్ బీప్, తెర మీద ఆ ఫ్రేమ్‌లోనే ఒక గుర్తు. 24 ఫ్రేముల సినిమాలో అది సరిగ్గా 48 ఫ్రేముల ముందు. మిక్స్ తిరిగొచ్చాక ఆ బీప్ మీ బీప్ మీద కూర్చుంటే సింక్ కుదిరినట్టే. బీప్ కుదిరి రీల్ చివర తప్పితే ఎవరో ఫ్రేమ్ రేట్ తప్పు పెట్టారు, 23.976కీ 24కీ మధ్య ఎక్కడో.

మిక్సింగ్ స్టీరియోనా 5.1ఆ (ఐదు చానెళ్లు, ఒక సబ్‌వూఫర్) అన్న ప్రశ్నకు: థియేటర్లో వేసే సినిమాకు డబ్బు ఎక్కడైనా తగ్గించండి గానీ ఇక్కడ కాదు. స్టీరియో ట్రాక్‌ను అలాగే డీసీపీలో పెడితే మధ్య స్పీకర్ మూగబోతుంది. ఓ పక్కగా కూర్చున్నవాళ్లకు మాటలన్నీ తెరకు తమ వైపు అంచు నుంచే వస్తాయి. పూర్తి 5.1కి స్థోమత లేకపోతే కనీసం డైలాగ్‌ను సెంటర్‌లో పెట్టి ఎడమ, కుడి, మధ్య మూడింటికి మిక్స్ చేయించండి.

డీఐకి పంపే టైమ్‌లైన్ శుభ్రంగా ఉండాలి. కాపీ తీసి, వాడిన క్లిప్పులన్నీ వీలైనంత వరకు ఒక ట్రాక్‌లోకి దించి, మల్టీక్యామ్‌లు ఫ్లాటెన్ చేసి, నెస్ట్‌లు (ఒకటిగా మూటకట్టిన క్లిప్పులు) విప్పి, లూమెట్రీ (ప్రీమియర్‌లో వేసిన కలర్) తీసేసి అప్పుడు ఎక్స్ఎంఎల్ తీయాలి. స్పీడ్ ర్యాంపులు తరచూ తప్పుగా వెళ్తాయి, వాటి జాబితా విడిగా రాసివ్వండి. ఈడీఎల్ (కట్‌ల జాబితా ఫైలు) చాలా పాతది, ఒక్క వీడియో ట్రాకే మోస్తుంది, జూమ్‌లు రావు. అయినా ఎక్స్ఎంఎల్ మొండికేసిన రోజున అదే ఆదుకుంటుంది. మీరే రిజాల్వ్‌లో కట్ చేసి మీరే కలర్ చేస్తే ఈ పేరా అంతా దాటేయొచ్చు. చిన్న సినిమాకు రిజాల్వ్‌ను మేం ముందు చెప్పడానికి సగం కారణం ఇదే.

డీసీపీ మీరే చేసుకోవాలంటే డీసీపీ-ఓ-మ్యాటిక్ ఉచితం, నమ్మదగినది. చేశాక ఒక్కసారైనా నిజమైన తెర మీద వేసి చూడాలి. రంగు, సౌండ్ స్థాయి మీ గదిలో తేలవు.

## రేటు: రోజుకింతా, మొత్తానికింతా

40 గంటల రషెస్‌ను ఒక్కసారి చూడ్డానికే రోజుకు 8 గంటల చొప్పున 5 రోజులు పడుతుంది. ఇంకా ఒక్క కట్ కూడా పడలేదు. మొత్తానికింత అని ఒప్పుకునేవాళ్లు ఈ లెక్క వేయకుండానే ఒప్పుకుంటారు.

స్క్రిప్ట్ ఉండి, షూటింగ్ అయిపోయి, రషెస్ మొత్తం ఎంతో తెలిసిన షార్ట్ ఫిల్మ్‌కు మొత్తం రేటు ఇద్దరికీ బాగుంటుంది. డాక్యుమెంటరీకి, ఇంకా షూట్ అవుతున్న దేనికైనా, రోజు లేదా వారం రేటే. పూర్తయిన నిమిషానికి ఇంత అనే పద్ధతి ఒకే మూసలో వచ్చే ఇంటర్వ్యూ వీడియోలకు సరిపోతుంది, సినిమాకు కాదు. అక్కడ ఒక నిమిషం ఒక్కోసారి ఒక పూట, ఒక్కోసారి వారం. విడుదలయ్యాక వాటా ఇస్తామనే బేరం మీ సొంత సినిమా అయితే తప్ప వద్దు.

ఏ పద్ధతైనా కాగితం మీద కొన్ని ఉండాలి. రోజంటే ఎన్ని గంటలు. రషెస్ ఇన్ని గంటలు దాటితే ఏం చేయాలి. డ్రైవ్‌లు ఎవరు కొంటారు. ప్రాజెక్ట్ ఫైలు ఇవ్వడం రేటులో ఉందా లేదా. అడ్వాన్స్, మొదటి కట్, లాక్, ఫైనల్ అని నాలుగు వాయిదాలు. మార్పుల విడతలు ఎన్ని, విడత అంటే ఏమిటి. దర్శకుడు, నిర్మాత, నిర్మాత స్నేహితుడు విడివిడిగా పంపే వాట్సాప్ సందేశాలు విడత కాదు. అందరి మాటా ఒకరు కలిపి, టైమ్‌కోడ్‌తో ఒకే జాబితాగా ఇస్తే అది ఒక విడత.

లాక్ తర్వాత మార్పుకు రేటు విడిగా, ఎక్కువగా పెట్టండి. లాక్ అయ్యాక ఒక షాట్ 12 ఫ్రేములు తగ్గించినా ఆ రీల్లో దాని తర్వాత ఉన్న డబ్బింగ్, ఎఫెక్ట్స్, మ్యూజిక్ అన్నీ 12 ఫ్రేములు ముందుకు జరగాలి. కొత్త ఏఏఎఫ్, కొత్త రెఫరెన్స్, ఏ టైమ్‌కోడ్ దగ్గర ఎన్ని ఫ్రేములు మారాయో తెలిపే జాబితా తీయాలి, సౌండ్ మనిషి సెషన్ అంతా మళ్లీ సర్దుకోవాలి, డీఐలో ఆ కట్ మళ్లీ కన్ఫార్మ్ కావాలి (ఒరిజినల్స్‌తో జతపడాలి). ఈ పనంతటికీ గంటల్లో లెక్క కట్టి ఒప్పందంలోనే రాసి ఉంచండి. చిన్న మార్పే కదా అని అడిగేవాళ్లకు ఆ పేజీ చూపించొచ్చు.